బుల్లయ్య దవడలో నల్ల చుక్క

ముందే ఒప్పుకుంటున్నాను. ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తరువాతో నేను కొంచెం అటూ ఇటూ చేసి చెప్పవచ్చు. కరెంటు పోయింది ముందా, నేను కేక పెట్టింది ముందా అని అడిగితే తడుముకుంటాను. ఈ మధ్య నాకు అలాగే అవుతోంది. పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడిపోతాను. కానీ ఆ సాయంత్రం నేను చూసింది మాత్రం చూశాను. మరపు వస్తే ఉన్నవి పోతాయి గాని, లేనివి కళ్ళ ముందుకు రావు కదా.

మాది గుంటూరు బ్రాడీపేట. నా కొడుకు కూతురు హారిక పళ్ళ డాక్టరు. ఇంటి ముందు గదిలోనే క్లినిక్కు. ఒక పక్క కోచింగ్ సెంటరు, ఎదురుగా జిరాక్సు కొట్టు, పొద్దస్తమానం ఆటోల మోత. రిటైరైన డాక్టరు గారొకరు తన కుర్చీ, ఎక్స్‌రే మిషను, సామానంతా అమ్మేస్తుంటే హారిక కొన్నది. ఇప్పుడందరూ కంప్యూటర్లో చూస్తున్నారట. మా దగ్గర ఇంకా పాతకాలపు చిన్న ఫిలిములే. మెట్ల కింద అలమరంత గది ఒకటి ఉంది. తలుపు వేస్తే లోపల చీకటి, ఒక ఎర్ర బల్బు, మూడు గిన్నెలు. ఒకదాంట్లో బొమ్మ తేల్చే మందు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో ఆ బొమ్మ చెదరకుండా నిలబెట్టే మందు. పులిసిపోయిన వాసన. ఫిలిం కడగడం నా పని.

మతిమరుపు ముదరకుండా రోజూ ఏదో ఒక కొత్త సంగతి నేర్చుకోమని పెద్ద డాక్టరు చెప్పినప్పటి నుంచి హారిక నాకు ఎక్స్‌రేలు చదవడం నేర్పుతోంది. నేను బడికి వెళ్ళింది తక్కువ. లైబ్రరీ పుస్తకాలతో అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. ఇదీ ఒక లిపే అనుకున్నాను.

"నల్లగా కనబడిందల్లా రోగం కాదు నాన్నమ్మా," అనేది హారిక. "ఎముకలో పుట్టుకతో వచ్చిన సందులు, గుంటలు ఉంటాయి. అవి ఉండాల్సిన చోట ఉంటే నార్మల్. వాటిని చూసి చీము అనుకుని మంచి పన్ను పీకేస్తే, పేషెంటు ఉసురు మనకే."

అలా నేర్చుకున్నాను. పై దవడలో దంతాల మీదుగా నల్లగా పరుచుకున్నది మాక్సిలరీ సైనస్, అంటే గాలి గది. ముందు పళ్ళ మధ్య కోడిగుడ్డు ఆకారపు నీడ ఇన్‌సిసివ్ ఫొరామెన్. కింది దవడలో రెండు తెల్లటి గట్ల మధ్య పంట కాలవలా సాగేది మాండిబ్యులర్ కెనాల్. అందులోంచే నరం వస్తుంది. ఆ కాలవ నుంచి నరం బయటికి వచ్చే చోట, చిన్న దవడ పళ్ళ వేర్ల దగ్గర, గుండ్రంగా ఒక నల్ల చుక్క. దాని పేరు మెంటల్ ఫొరామెన్. నేను దాన్ని తూము అంటాను. పెదవికి, గడ్డానికి స్పర్శ అందులోంచే వస్తుందట. చీకటి గదిలో ఫిలిం మందులో ఉన్నంతసేపూ గడియారం బదులు ఈ పేర్లే వల్లించేదాన్ని. మూడుసార్లు చదివితే బొమ్మ తేలిపోయేది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఫిలిం మూలన గింజంత బొడిపె ఉంటుంది. ఒక వైపు నుంచి ఉబ్బు, రెండో వైపు నుంచి గుంట. ఉబ్బు మన వైపుంటే మనం ఎదురుగా నిలబడి నోట్లోకి చూస్తున్నట్టు. గుంట మన వైపుంటే, ఆ మనిషి నాలుక మీద కూర్చుని బయటికి చూస్తున్నట్టు. అది గమనించకపోతే కుడి ఎడమలు తారుమారై ఒక పన్ను బదులు ఇంకో పన్ను పీకుతారు. అందుకే ముందు బొడిపెను వేలితో తడిమి, ఆ తరువాతే ఫిలిం చూడాలి.

మా తమ్ముడు బుల్లయ్య ఆ రోజు మధ్యాహ్నం వచ్చాడు. పర్చూరు దగ్గర పల్లెలో మిరప సేద్యం. తోడబుట్టిన వాళ్ళలో మేమిద్దరమే మిగిలాం. మా అమ్మ గొంతు ఎలా ఉండేదో, మా గేదె పేరేమిటో, ఏ ఏడాది తుపానుకు కల్లం కొట్టుకుపోయిందో, నాకు గుర్తు రానిది వాడికి వస్తుంది, వాడికి రానిది నాకు వస్తుంది. ఇద్దరం కలిస్తే గాని ఒక మనిషి జ్ఞాపకం కాదు. వాడికేమైనా అయితే నా చిన్నతనం సగం పోయినట్టే. ఆ భయం నాకు ఎప్పుడూ ఉండేది.

మిర్చి యార్డులో బస్తాలు దించి నేరుగా వచ్చాడు. లోపలికి అడుగు పెట్టగానే నేనూ హారికా తుమ్ములే తుమ్ములు.

"ఏరా, బుగ్గ అట్టా వాచింది? తేనెటీగ కుట్టిందా?" అన్నాను.

"తేనెటీగ ఎందుకక్కా, ఇంట్లో నీ మరదలుంది కదా."

"తాతయ్యా, ఆ చొక్కా బయట దులుపుకుని రండి. చచ్చిపోతున్నాం," అంది హారిక ముక్కు మూసుకుని.

"ఇదీ ఒక ఘాటేనా డాక్టరమ్మా! కల్లంలో కాయల మీదే దుప్పటి పరుచుకుని పడుకునేవాళ్ళం. మీ నాన్నమ్మనడుగు. ఒక్క తుమ్ము తుమ్మితే మా నాన్న నవ్వేవాడు."

నిజమే. వాడు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు కూడా మా అమ్మ వాణ్ణి మిరప రాశి పక్కనే పడుకోబెట్టి తాలు కాయలు ఏరేది.

ఆకాశం మూసుకొచ్చింది. పంట కాలంలో పడకూడని వాన. యార్డులో బస్తాలు తడుస్తాయేమోనని వాడికి ఒక్క చోట కాలు నిలవలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి పైకి చూస్తాడు, వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. వాణ్ణి చూసి నేనూ ఒక పనీ లేకుండా లోపలికీ బయటికీ తిరిగాను.

"ఇయ్యాలే పీకెయ్ అమ్మాయ్. రేపు పొద్దున్నే బేరం. పంటి నొప్పితో బేరం ఆడితే దళారులు నన్ను పీకేస్తారు."

"ఎక్స్‌రే తీస్తే గాని చెప్పలేను తాతయ్యా. లోపల చీముంటే ముందు మాత్రలు వాడాలి. లేకపోతే ఇవాళే తీసేస్తాను. పెద్దగా తెరవండి... ఇంకొంచెం తెరవండి..."

ఎడమ వైపు కింది పన్ను. ఫిలిం నోట్లో పెట్టి, మిషను బుగ్గకు ఆనించి తీసింది. నేను చీకటి గదిలోకి తీసుకెళ్ళి కడిగాను. ఎర్ర వెలుతురులో ముందు పళ్ళు తేలాయి, తరువాత వేర్లు, వాటి మధ్య ఎముక వలలా. చివరగా నల్ల చుక్క. పుచ్చిన పన్ను వేరుకు సరిగ్గా కింద, వేరును తాకీ తాకనట్టుగా. గుండ్రంగా, మిరప గింజంత.

హారిక దాన్ని లైటు డబ్బా మీద పెట్టి చూసింది. "తూములాగే ఉంది. కానీ వేరుకు మరీ దగ్గరగా ఉంది. ఇంకోటి తీద్దాం. మిషను కొంచెం పక్కకు జరిపి తీస్తే తూమైతే పక్కకు జరిగినట్టు కనబడుతుంది. చీము అయితే వేరును పట్టుకునే ఉంటుంది."

రెండోది తీసింది. కడిగాను. చుక్క జరిగింది. ముందు పన్ను వైపు.

"నార్మల్," అంది హారిక తేలిగ్గా. "మన తూమే నాన్నమ్మా. తాతయ్యా, మీ అదృష్టం. ఇవాళే తీసేద్దాం. ఆ తూము దగ్గరే చిన్న ఇంజెక్షన్ ఇస్తాను. పెదవి, గడ్డం మొద్దుబారతాయి. నొప్పి తెలియదు."

"మీ నాన్నమ్మ చిన్నప్పుడు నన్ను కొట్టిన దెబ్బలకే ఆ పక్క మొద్దుబారింది, కొత్తగా సూదెందుకు," అన్నాడు వాడు.

హారిక మందు తీసుకోవడానికి అలమర వైపు వెళ్ళింది. రెండు ఫిలిములూ కిటికీ దగ్గర తీగకు క్లిప్పులతో ఆరేశాను. బయట చీకటి పడినట్టే ఉంది, దీపాలు పెట్టే వేళ ఇంకా కాలేదు. మొదటి చినుకులు. మట్టి వాసన, మందు వాసన, వాడి చొక్కా ఘాటు, మూడూ కలిసిపోయాయి. ఊరికే మొదటి ఫిలిం వైపు చూశాను.

చుక్క పుచ్చిన పన్ను కింద లేదు.

దాని ముందు పన్ను వేరు కింద ఉంది.

రెండోదాన్ని చూశాను. అందులో ఇంకా ముందుకు ఉంది. కోర పన్ను కింద.

"హారికా, చుక్క జరిగిందే."

"జరగాలనే కదా తీశాం నాన్నమ్మా."

"రెండోదాంట్లో కాదు. మొదటిదాంట్లో."

హారిక వచ్చి రెండూ చూసింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాకు తెలుసు. మొన్న ఉప్పు రెండుసార్లు వేసినప్పుడు కూడా అలాగే వేసింది. "తగిలించేటప్పుడు ఏది ముందుదో ఏది తరువాతదో తారుమారు చేసి ఉంటావు. ఫరవాలేదు. కూర్చో, అలిసిపోయావు."

అయి ఉండవచ్చు. తారుమారు చేసి ఉండవచ్చు. అప్పుడైనా ఒకటి వేరు కింద ఉండాలి కదా? ఉండాలా? మొదట నేను చూసింది ఏ పన్ను కింద? చెప్పాలని నోటి దాకా వచ్చింది. అందరూ మతిమరుపు మనిషి అనుకునే దాన్ని, డాక్టరు చదివిన పిల్లతో సూది ఆపమని ఏ ముఖంతో చెప్పను? వాడేమో రేపు బేరం అంటున్నాడు.

కూర్చోలేకపోయాను. మొదటి ఫిలిం తీగ మీంచి తీసి లైటు డబ్బా మీద పెట్టాను. ఫిలిం ఆరిపోయింది. నిలబెట్టే మందులో మునిగి తేలిన బొమ్మ. అందులో ఏదీ కదలదు. కదలకూడదు.

చుక్క కోర పన్ను దాటింది.

నేను చూస్తుండగా కాదు. కన్ను ఆర్పి తెరిచేసరికి. మళ్ళీ ఆర్పాను. ఇంకొంచెం ముందుకు... ముందు పళ్ళ వైపు... నోరు తెరుచుకునే చోటుకు...

అప్పుడు అలవాటు కొద్దీ బొడిపెను తడిమాను. గుంట తగిలింది. ఫిలిం తిరగేసి పట్టుకున్నానేమో అనుకుని తిప్పాను. గుంటే తగిలింది. మళ్ళీ తిప్పాను. బొటనవేలితో ఒక వైపు, చూపుడువేలితో ఒక వైపు ఒకేసారి నొక్కి చూశాను. రెండు వైపులా గుంటే. ఉబ్బు ఏ వైపూ లేదు.

ఎటు తిప్పినా లోపలి నుంచి బయటికే.

వెనక హారిక అంటోంది, "ఇంకొంచెం తెరవండి తాతయ్యా. చిన్న చీమ కుట్టినట్టు ఉంటుంది..."

ఫిలింలో పళ్ళ వెనక తెల్లగా ఏదో ఉంది. ఎముక కాదు. గుండ్రటి దీపం. కుర్చీ మీద వేలాడే దీపం. దాని పక్కన వంగిన ఒక తల, ముఖానికి కట్టుకున్న మాస్కు, రెండు కళ్ళు. కింది పళ్ళ మీదుగా లోపలికి వస్తున్న సన్నటి తెల్ల గీత...

సూది.

"హారికా! ఆగవే!"

ఉరుము. కరెంటు పోయింది.

ఇన్వర్టరు కూడా ఎత్తుకోలేదు. చీకటి గది తలుపు తెరిచి ఇల్లంతటినీ అందులో పెట్టినట్టయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ కదలడం లేదు. కుర్చీ వైపు నుంచి ఊపిరి వినిపిస్తోంది. హారికది కాక రెండు ఊపిరులు. ఒకటి బరువుగా, ముక్కుతో. రెండోది... చిన్నది. తడిగా.

అప్పుడు ఎవరో గుసగుసగా అన్నారు.

"ఇంకొంచెం తెరువు..."

హారిక ఫోను లైటు వేసింది. బుల్లయ్య నోరు నేను ఎన్నడూ చూడనంత పెద్దగా తెరుచుకుని ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. సూది హారిక చేతిలో ఉంది, మందు ఎక్కించడం అయిపోయింది.

"నువ్వా అన్నది?" అన్నాను.

"నేనేమీ అనలేదు," అంది హారిక మెల్లగా. "నువ్వనుకున్నాను."

వాడు అంత పెద్దగా తెరిచిన నోటితో ఒక్క మాట కూడా అనలేడు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

వాడు మెల్లగా నోరు మూశాడు. ఏదో మింగినట్టు గుటక వేశాడు. పెదవి తడుముకున్నాడు. "చల్లగా ఉంది," అన్నాడు.

కరెంటు వచ్చాక హారిక పన్ను తీసింది. తేలిగ్గానే వచ్చింది. దూది కొరికి పట్టి కూర్చోమంది. వాన తగ్గింది. ఏమీ జరగనట్టే ఉంది. నేను మంచినీళ్ళు తెచ్చి ఇస్తున్నాను. అప్పుడు వాడు తుమ్మాడు.

ఒకటి కాదు. ఆగకుండా. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, గొంతు పట్టుకుని దగ్గాడు. చొక్కా మెడ దగ్గర పట్టుకుని దూరంగా లాగాడు. దూది పక్కకు నెట్టి నా వైపు చూశాడు. నిజంగా తెలియని వాడి చూపు.

"ఏందిది?" అన్నాడు. "ఈ మంట ఏంది?"

"మిరపకాయ్‌రా," అన్నాను.

"మిరపకాయ్," అన్నాడు వాడు. చిన్నపిల్లలు కొత్త మాట నేర్చుకునేటప్పుడు అన్నట్టు, నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ.

హారిక నవ్వింది. మందు మత్తులో అలాగే మాట్లాడతారులే అంది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది, అది నాకు వినబడింది.

వాడు పడుకున్నాక ఫిలిములు మళ్ళీ చూశాం. ఈసారి హారికే వాటిని లైటు డబ్బా మీద పెట్టింది. రెంటిలోనూ పళ్ళు ఉన్నాయి, వేర్లు ఉన్నాయి, కాలవ గట్లు ఉన్నాయి. బొడిపె ఒక వైపు ఉబ్బు, ఒక వైపు గుంట, ఎలా ఉండాలో అలా. నల్ల చుక్క మాత్రం రెంటిలోనూ లేదు.

"ఒక్కోసారి కనబడదు నాన్నమ్మా," అంది. "అదీ నార్మలే."

"ఇందాక కనబడింది కదే."

హారిక ఫిలిములు కవర్లో పెట్టేసింది. మర్నాడు ఇంకొక ఫిలిం తీస్తానని వాడితో అంది. వాడు నవ్వి, నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపాడు. బేరం చూసుకుని ఊరెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నేను వాడికి ఫోను చేస్తూనే ఉన్నాను. ఆరోగ్యం బాగుంది. తిండి బాగా తింటున్నాడట, మరదలే చెప్పింది, కూరల్లో కారం మాత్రం వద్దంటున్నాడట. నాతో మాటలు బాగానే ఉంటాయి. కానీ మునుపు నేను ఒకటంటే వాడు కాదనేవాడు, గంట సేపు తగువాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఏదన్నా సరే అంటాడు. మొన్న కావాలనే పరీక్ష పెట్టాను. మన గేదె పేరు గౌరి కదరా అన్నాను. గౌరి అన్నది మా అమ్మ చెల్లెలి పేరు. "అవునక్కా, గౌరే," అన్నాడు. మన నాన్న వానలో తడిసి పోయాడు కదరా అన్నాను. మా నాన్న ఎండ దెబ్బకు పోయాడు. "అవునక్కా, తడిసే," అన్నాడు. గొంతు వాడిదే. నేను ఏది పెడితే అది తీసుకుని దాచుకుంటున్నట్టు ఉంది.

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకున్నది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరు. ఎండ దెబ్బకే పోయాడా మా నాన్న? రాస్తుంటే ఆ వాక్యం దగ్గర కూడా ఆగిపోయాను. లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చి కూర్చున్నాను.

హారికా, ఇది పూర్తయ్యాక ఒకసారి చదివి పేర్లు సరిచూడు తల్లీ. ఎముకల పేర్లలో ఒత్తులు తప్పు రాసి ఉంటాను, దిద్దు. మనుషుల పేర్లు కూడా చూడు. ముఖ్యంగా మా తమ్ముడి పేరు. బుల్లయ్యే కదా? నాకు నువ్వే చెప్పాలి. నిన్న ఫోనులో మాట్లాడుతుంటే వెనక కల్లం దగ్గర నుంచి ఎవరో వాణ్ణి "ఒరేయ్" అంటూ వేరే పేరుతో కేకేశారు. రోజూ పిలిచే పేరులాగే పిలిచారు. వాడు వెంటనే "ఆఁ, వస్తున్నా" అని పలికాడు. ఆ పేరు నేను బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. నువ్వు సరిచూస్తావని ఇక్కడ రాద్దామనుకున్నాను. కలం పెట్టినప్పుడల్లా నా నోరు దానంతటదే తెరుచుకుంటోంది.